మూడో సాక్షి

బాణసవాడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల పక్కన
నాదొక జెరాక్స్ మిషను.
ఎండకి వెలిసిన గొడుగు, గమ్ము సీసా,
దారం కట్టిన పెన్ను.
దారం ఎందుకంటే, పెళ్ళికొచ్చినోళ్ళు
పెన్ను తెలీకుండానే జేబులో పెట్టుకుపోతారు.
చేతులు వణికే రోజు కదా, తప్పు పట్టను.

వాళ్ళ నోటీసు నెలరోజులు చూశాను.
వరండాలో సగం అద్దం పగిలిన బోర్డు,
మిగిలిన సగం వెనక ఒక బల్లి కాపురం.
వకుళ, తండ్రి నరసింహులు, హిందూపురం.
డానియేలు, తల్లి పేరొక్కటే ఉంది, మారికుప్పం, కేజీఎఫ్.
అభ్యంతరాలుంటే తెలపండి, అని అడుగున.
మొదటి వారం జల్లు కొట్టి
అమ్మాయి ఇంటిపేరు కాస్త కరిగింది.
రెండో వారం ఎవడో దాని మీదే
'గది అద్దెకు, శాకాహారులకు మాత్రమే' అంటించి పోయాడు.
మధ్యాహ్నం జనం పల్చబడ్డాక
గోరుతో గీకి తీసేశాను.
నన్నెవరూ తీయమన్లేదు.

సాయంత్రం సాయంత్రం ఆ పిల్ల వచ్చేది
పొయ్యి మీద పాలు పెట్టి పోయినదానిలా.
"అక్కా, ఎవరైనా చదివారా?"
"బల్లి చదివింది" అన్నాను.
నవ్వడానికి కొంచెం టైం తీసుకుంది.

ముప్పై ఒకటో రోజు.
పదిన్నరకి సర్వర్ లేదు.
పన్నెండుకి సర్వర్ ఉంది, సారు లేడు.
"ఊట ఆద్మేలె బన్ని" అన్నాడు ప్యూను.
అబ్బాయిది కొత్త చొక్కా, కాలరు కింద అట్టముక్క తీయనేలేదు.
పిల్ల బ్యాగులో, ప్లాస్టిక్ కవర్లో
మల్లెపూలు ఉక్కపోసి చెమటలు పడుతున్నాయి,
ఇప్పుడు పెట్టుకోవాలా, అయ్యాక పెట్టుకోవాలా
చెప్పే పెద్దలెవరూ లేక.

సాక్షులు ముగ్గురు కావాలి.
అబ్బాయి పనిచేసే చోటు నుంచి ఒకడు,
లేడీస్ హాస్టల్ వార్డెనమ్మ.
మూడో మనిషి వకుళ పెద్దమ్మ కూతురు.
యలహంకలో బస్సెక్కానంది,
హెబ్బాళ దాటాక ఫోన్ ఎత్తడం మానేసింది.

కౌంటరు మూసేందుకు ఇరవై నిమిషాలుందనగా
ఇద్దరూ నా మిషను ముందు నిలబడ్డారు.
కాపీ అడగలేదు.

పదకొండేళ్ళుగా ఊరందరి ఆధార్లూ తీసినదాన్ని,
నాది తీసుకోవడం అదే మొదలు.
రెండు రూపాయలు డబ్బాలో నేనే వేసుకున్నాను,
లెక్క లెక్కే.

"వీళ్ళు నీకెలా తెలుసు?" తలెత్తలేదు గుమాస్తా.
గోరు సంగతి చెప్పనా, బల్లి సంగతి చెప్పనా.
"నెలరోజులుగా చదువుతున్నాను సార్."
పరిచయస్థరు, అని కన్నడంలో రాసుకున్నాడు.
"గండన హెసరు?"

మా పెళ్ళి పలమనేరులో, మేనత్త వాకిట్లో.
ఫోటోలు కడగక ముందే రీలు పోయింది.
ఆయన పోయాక పీఎఫ్ ఆఫీసులో
పెళ్ళికి రుజువేదన్నారు.
మెడ చూపించాను.
మెడ చెల్లదన్నారు.
పోనీ ఇప్పుడు రిజిస్టరు చేయించుకుంటానంటే
ఇద్దరూ రావాలన్నారు.

"గండన హెసరు, అమ్మా?"
"చెంగల్రాయుడు."
గట్టిగానే పలికాను కాబోలు,
వార్డెనమ్మ ఇటు తిరిగి చూసింది.
ఒత్తులు సరిగా పడ్డాయో లేదో
రెండుసార్లు చూసుకున్నాను,
వాళ్ళ పేజీ అడుగున, మూడో గీత మీద
నా పేరు, ఫలానా వారి భార్య, ఆయన పేరు.

మెట్లు దిగి వచ్చారు.
పూలు ఎప్పుడు పెట్టుకుందో పెట్టుకుంది, వంకరగా.
సర్టిఫికెట్ అద్దం మీద నేనే బోర్లించాను.
"ఎన్ని?"
"నాలుగక్కా."
అయిదు తీశాను.
అయిదోదానికి సిరా సరిగ్గా పడలేదని
అబద్ధం చెప్పి
దగ్గర ఉంచుకున్నాను.